పాలిమర్ ద్రావణం సాగుదలను కొలవాలంటే: కేబర్, చుక్క పద్ధతి, ఫిలమెంట్ స్ట్రెచింగ్, క్రాస్-స్లాట్... ఏది ఎవరికి?

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త ఉమ్మి అద్దుకుని వేళ్లు విడదీయండి. సన్నటి తీగ సాగుతుంది. నీళ్లతో అదే పని చేస్తే తీగ రాదు, చుక్క టక్కున విడిపోతుంది. మామూలు రియోమీటర్‌లో (ద్రవాల స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని కొలిచే యంత్రంలో) ప్లేట్ల మధ్య పెట్టి వేగంగా తిప్పితే మాత్రం ఈ రెండింటికీ అంత తేడా కనిపించదు. తేడా అంతా సాగదీసినప్పుడే బయటపడుతుంది. ఇంక్‌జెట్ చుక్క వెనక తోక ఎంతసేపు వేలాడుతుంది, స్ప్రేలో తుంపర వస్తుందా దారాలు వస్తాయా, రోలర్ మీద పూత వేస్తుంటే తీగలు లేస్తాయా అన్న ప్రశ్నలకు తిప్పి కొలిచిన స్నిగ్ధత జవాబు చెప్పదు. అందుకే సాగదీసి కొలవాలి.

అయితే ఎలా సాగదీయాలి అన్న దగ్గరే చిక్కు. పద్ధతులు అరడజను పైనే ఉన్నాయి. ఒకదాని అంకె ఇంకొకదానితో కలవదు. కరపత్రంలో అన్నీ గొప్పగానే ఉంటాయి. కొన్నేళ్లుగా వీటితో కుస్తీ పడుతున్నవాడిగా, కొనేముందు, లేదా వేరే ల్యాబ్‌కి శాంపిల్ పంపేముందు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ముందు మీకు కావలసిన అంకె ఏది?

1906లో ట్రౌటన్ అనే ఆయన తారులాంటి పదార్థాలను సాగదీసి చూసి ఒక సంగతి చెప్పాడు. మామూలు ద్రవం ఏదైనా సరే, సాగదీసినప్పటి స్నిగ్ధత షియర్ స్నిగ్ధతకు (ద్రవపు పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా తిప్పి కొలిచినదానికి) సరిగ్గా 3 రెట్లు ఉంటుంది. పాలిమర్ ద్రావణాల్లో ఈ నిష్పత్తి 3 దగ్గర ఆగదు. వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి పోతుంది. ఉండలా చుట్టుకుని ఉన్న గొలుసు అణువు ప్రవాహం గట్టిగా లాగేసరికి ఒక్కసారిగా విచ్చుకోవడమే కారణం. 1974లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త డి జెన్ దీన్ని ఉండ నుంచి తీగకు మారే పరివర్తనగా వివరించాడు. సాగదీసే రేటును పాలిమర్ రిలాక్సేషన్ టైమ్‌తో (సాగిన గొలుసు మళ్లీ ఉండలా ముడుచుకోవడానికి పట్టే కాలంతో) హెచ్చిస్తే వచ్చేది వైసెన్‌బర్గ్ సంఖ్య. అది 0.5 దాటాక గొలుసు విచ్చుకోవడం మొదలవుతుంది.

మీకు కావలసింది ఇందులో ఏ ముక్క అన్నదే అసలు ప్రశ్న. కొందరికి రిలాక్సేషన్ టైమ్ ఒక్కటి చాలు. రెండు ఫార్ములేషన్లలో ఏది ఎక్కువ తీగ సాగుతుందో తెలిస్తే వాళ్ల పని అయిపోతుంది. ఇంకొందరికి ఫలానా రేటు దగ్గర, ఫలానా సాగుదల తర్వాత ఎంత స్ట్రెస్ (ప్రతిబలం) వస్తుందో కావాలి. సిమ్యులేషన్‌లో మోడల్‌కి అంకెలు పెట్టేవాళ్లు వీళ్లు. ఈ రెండు అవసరాలకూ ఒకే మెషీన్ కొనాలని చూసేవాళ్లను చాలామందిని చూశాను. దాదాపు ఎప్పుడూ రెండూ సరిగా కుదరవు.

తనంతట తాను తెగే తీగ

కేబర్ అని పిలిచేది ఇదే. దీని మీద ముందుగా చెప్పుకోదగ్గ పని 1990లో బజిలెవ్‌స్కీ, ఎంతోవ్, రోజ్‌కోవ్‌లది. చిన్న గుండ్రటి ప్లేట్లు రెండు, సాధారణంగా 6 మిల్లీమీటర్ల వ్యాసం. మధ్యలో చుక్క పెడతారు. పై ప్లేటు 50 మిల్లీసెకన్లలో కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరూ లాగరు. మధ్యలో మిగిలిన ద్రవపు వంతెనను తలతన్యతే పిండి సన్నం చేస్తుంది. తీగ వ్యాసం కాలంతో ఎలా తగ్గుతోందో లేజర్ మైక్రోమీటర్ గానీ కెమెరా గానీ చూస్తుంది.

గ్లిజరిన్ లాంటి మామూలు జిగట ద్రవమైతే వ్యాసం సరళరేఖలో తగ్గి తెగిపోతుంది. పాలిమర్ ఉంటే కథ వేరు. కొంత సన్నబడ్డాక గొలుసులు విచ్చుకుని ఎదురు తిరుగుతాయి. అక్కణ్ణుంచి వ్యాసం ఘాతాంక పద్ధతిలో తగ్గుతుంది. లాగ్ గ్రాఫు మీద గీస్తే వంపులేని తిన్నటి గీత వస్తుంది. రిలాక్సేషన్ టైమ్‌కి 3 రెట్ల కాలంలో వ్యాసం 2.7వ వంతుకు పడిపోతుంది. ఎంతోవ్, హించ్ 1997లో ఈ లెక్కను వివరంగా తేల్చారు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి. ఆ ఘాతాంక దశలో సాగే రేటు 2ని 3 రిలాక్సేషన్ టైమ్‌లతో భాగించినంత ఉంటుంది. అంటే వైసెన్‌బర్గ్ సంఖ్య 2/3 దగ్గర స్థిరపడిపోతుంది. రిలాక్సేషన్ టైమ్ 2 మిల్లీసెకన్లయితే రేటు సెకనుకు 333. మీరు 100 దగ్గర కావాలన్నా, 1000 దగ్గర కావాలన్నా ఇవ్వదు. ద్రావణమే తన రేటు తానే ఎంచుకుంటుంది. మీరు ఏమీ సెట్ చేయకుండానే రిలాక్సేషన్ టైమ్ చేతికొస్తుంది కాబట్టి పోల్చిచూసే పనికి ఇది వరం. రేటు మార్చి చూడాలనుకునేవాడికి మాత్రం కట్టేసిన గుర్రం.

సాఫ్ట్‌వేర్ 'సాగుదల స్నిగ్ధత' అని ఇంకో గ్రాఫు కూడా ఇస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. ఇక్కడ బలాన్ని ఎవరూ కొలవలేదు. తలతన్యతను వ్యాసం తగ్గే వేగంతో భాగించారంతే. తలతన్యత అంకె తప్పుగా ఇస్తే అదీ తప్పే. సర్ఫాక్టెంట్ (సబ్బులాగా తలతన్యతను తగ్గించే పదార్థం) ఉన్న ద్రావణాల్లో మరీ ప్రమాదం. తీగ సన్నబడుతుంటే కొత్త ఉపరితలం పుడుతూ ఉంటుంది. అక్కడికి సర్ఫాక్టెంట్ చేరేలోపే తీగ తెగిపోవచ్చు. అప్పుడు మీరు బీకరులో కొలిచిన తలతన్యత ఆ తీగకు వర్తించదు.

ఇంకో మాట. ప్లేట్ల సైజు మారిస్తే అదే ద్రావణానికి వచ్చే రిలాక్సేషన్ టైమ్ కూడా కొంత మారవచ్చని ఈమధ్య ప్రయోగాలు చూపించాయి. కాబట్టి 6 మిల్లీమీటర్ల ప్లేటు అంకెను 4 మిల్లీమీటర్ల ప్లేటు అంకెతో పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు.

పలచటి ద్రావణమైతే ప్లేటు లేచేలోపే అంతా అయిపోతుంది

ఒక్క లెక్క చేసి చూడండి. 1 మిల్లీమీటరు వ్యాసార్ధమున్న నీటి మెడ తలతన్యత వల్ల తెగడానికి పట్టే కాలం సుమారు 4 మిల్లీసెకన్లు. పై ప్లేటు లేవడానికే 50 మిల్లీసెకన్లు. అంటే నీళ్లలాంటి పలచటి ద్రావకంలో కొద్దిగా పాలిమర్ కలిపి కేబర్‌లో పెడితే, ప్లేటు ఆగేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు. రిలాక్సేషన్ టైమ్ 1 మిల్లీసెకను కన్నా తక్కువున్న పలచటి ద్రావణాలకు కేబర్ పనికిరాదన్నది నా స్థూల హద్దు. ప్లేట్లను మెల్లగా లాగి, అస్థిరత అంచుకు చేరాక వదిలేసే పద్ధతి ఒకటి 2010లో వచ్చింది. అది కొంత ఊరట. నాకైతే దానికన్నా చుక్క పద్ధతే నచ్చింది.

చుక్క పద్ధతి అంటే, సన్నటి నాజిల్ నుంచి చుక్కను మెల్లగా దించి కింద గాజుపలక మీద తాకించడం. చుక్క పలక మీద పరుచుకోగానే నాజిల్‌కీ పలకకీ మధ్య మెడ ఏర్పడి తనంతట తాను సన్నబడుతుంది. షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో వివేక్ శర్మ బృందం 2015లో దీన్ని రియోమెట్రీగా ముందుకు తెచ్చింది. కుదిపే ప్లేటు లేదు కాబట్టి ప్లేటు లేచే ఆలస్యమూ లేదు. కావలసింది సిరంజి పంపు, నాజిల్, వెనక నుంచి వెలుగిచ్చే లైటు, హైస్పీడ్ కెమెరా. ఖర్చంతా కెమెరాదే.

కెమెరా ఎంత వేగంగా ఉండాలో కూడా లెక్క కట్టవచ్చు. తీగ 300 మైక్రాన్ల నుంచి 30 మైక్రాన్లకు సన్నబడడానికి సుమారు 7 రిలాక్సేషన్ టైమ్‌లు పడుతుంది. రిలాక్సేషన్ టైమ్ 2 మిల్లీసెకన్లయితే 14 మిల్లీసెకన్లు. సెకనుకు 1000 ఫ్రేములు తీసే కెమెరాలో 14 చిత్రాలొస్తాయి, గీత గీయడానికి బొటాబొటిగా చాలు. 0.2 మిల్లీసెకన్లయితే అదే 14 చిత్రాలకు సెకనుకు 10,000 ఫ్రేములు కావాలి. అంత వేగంలో లెన్సు పిక్సెల్‌కి 5 మైక్రాన్లకు మించి ఉంటే చివరి చిత్రాల్లో తీగ ఆరు పిక్సెళ్లు కూడా ఉండదు. కెమెరా మీద డబ్బంతా పెట్టి లెన్సు దగ్గర పిసినారితనం చేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

చుక్క పద్ధతికి దాని తలనొప్పులు దానికున్నాయి. నాజిల్ అంచు బయటివైపు తడిస్తే మెడ ఆకారం పాడవుతుంది. పలక మీద చుక్క సరిగా పరుచుకోకపోయినా అంతే. నాజిల్ వ్యాసానికి సుమారు 3 రెట్ల ఎత్తు, ప్రతిసారీ తుడిచిన పలక, చుక్క తాకేముందు పంపు ఆపడం... ఈ మూడూ పాటిస్తే చాలావరకు దారికొస్తుంది. మరీ జిగటవి, పేస్టులాంటివి దీనికి పెట్టకండి. సొంత బరువుకే కిందికి జారిపోతాయి.

కెమెరా ఎందుకు కావాలంటున్నానో ఒక అనుభవం. ఒకసారి లేజర్ మైక్రోమీటర్‌తో కొలుస్తుంటే గీత నున్నగా దిగుతూ దిగుతూ మధ్యలో ఉన్నట్టుండి పైకి లేచింది. తీగ సన్నబడాల్సింది పోయి లావైందన్నమాట! సెన్సార్ పాడైందనుకుని రెండ్రోజులు దాని చుట్టూ తిరిగాను. చివరికి పక్కన కెమెరా పెట్టి చూస్తే తెలిసింది. తీగ చివరి దశలో దారానికి పూసలు గుచ్చినట్టు చిన్న చిన్న చుక్కలు కడుతున్నాయి. సరిగ్గా లేజర్ కిరణం పడే ఎత్తుకు ఒక పూస జారి వచ్చింది. లేజర్‌కి తీగ, పూస అన్న తేడా తెలియదు. అది చూసేది ఒక్క ఎత్తులోని నీడను మాత్రమే.

రేటు మీ చేతిలో ఉండాలంటే

రేటు స్థిరంగా ఉంచి, ప్రతి క్షణమూ బలాన్ని కొలిచి, సాగుదల స్నిగ్ధత ఎలా పెరుగుతోందో చూడాలంటే ఫిలమెంట్ స్ట్రెచింగ్ రియోమీటర్ ఒక్కటే నిజాయితీగల దారి. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీలో తీర్తాత్మజ, శ్రీధర్ 1993లో దీన్ని గట్టి పునాది మీద నిలబెట్టారు.

ప్లేట్లు ఘాతాంక వేగంతో దూరం జరగాలి. ఇది వినడానికి సులువే. మొదటి దూరం 2 మిల్లీమీటర్లు అనుకోండి. హెంకీ సాగుదల (పొడవు ఎన్ని రెట్లయిందో దాని సహజ లాగరిథమ్) 5 చేరాలంటే దూరం 148 రెట్లు కావాలి, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు. రేటు సెకనుకు 10 అయితే చివర్లో ప్లేటు వేగం సెకనుకు 3 మీటర్లు. ఆ వేగంలో నున్నగా పరుగెత్తి ఆగే మోటారు, కింద సున్నితమైన బల సెన్సార్, తీగ మధ్య వ్యాసాన్ని చూస్తూ ప్లేటు వేగాన్ని సరిదిద్దే కంట్రోల్... అన్నీ కావాలి. ప్లేటు దగ్గర ద్రవం అతుక్కుని ఉండడం వల్ల మధ్య భాగం ప్లేట్లకన్నా వేరే లెక్కలో సాగుతుంది కాబట్టి ఆ సరిదిద్దడం తప్పనిసరి. పైగా పలచటి ద్రవమైతే గురుత్వాకర్షణకు కిందికి జారిపోతుంది. స్నిగ్ధత 1 పాస్కల్-సెకను దరిదాపుల్లో లేకపోతే ఈ మెషీన్ వైపు చూడొద్దన్నది నా సలహా. గురుత్వాకర్షణ గొడవ ఎంతటిదంటే, ఈ రకం ప్రయోగాన్ని 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లి మరీ చేశారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? దానికి ఎం1 ద్రవం కథ చెప్పాలి. పాలీఐసోబ్యూటిలీన్‌తో చేసిన ఒకే ద్రావణాన్ని ప్రపంచంలోని చాలా ల్యాబ్‌లకు పంచి, ఎవరి పద్ధతిలో వాళ్లు సాగుదల స్నిగ్ధత కొలిచారు. 1988లో ఫ్రాన్స్‌లోని కాంబ్లూలో కూర్చుని ఫలితాలు పక్కపక్కన పెడితే అంకెల మధ్య వెయ్యి రెట్ల దాకా తేడా! ఎవరూ తప్పు కొలవలేదు. సాగుదల స్నిగ్ధత రేటు మీదే కాదు, అప్పటిదాకా ఎంత సాగింది, అంతకుముందు ద్రవం ఏ దారిలో వచ్చింది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఒక్కొక్క పద్ధతీ ఒక్కో చరిత్రను కొలిచింది. తర్వాత 2001లో మూడు ల్యాబ్‌లు ఫిలమెంట్ స్ట్రెచింగ్‌తో ఒకే ద్రావణాలను కొలిచి ప్రచురించినప్పుడు అంకెలు చక్కగా కలిశాయి.

అలాగని నాణ్యత పరీక్షకు దీన్ని కొంటే నేల విడిచి సాము చేసినట్టే. రోజుకు ఇరవై శాంపిళ్లు చూడాల్సిన చోట ఇది నిలవదు.

సూక్ష్మ కాలువలు

క్రాస్-స్లాట్ అంటే ప్లస్ గుర్తు ఆకారంలో కాలువలు. ఎదురెదురు రెండు వైపుల నుంచి ద్రావణం వచ్చి, మిగతా రెండు వైపులా బయటికి పోతుంది. సరిగ్గా నడిమధ్య వేగం సున్నా. అక్కడ చిక్కిన అణువు కదలకుండా ఉండి సాగుతూనే ఉంటుంది. పెర్కిన్స్, స్మిత్, చూ 1997లో మెరిసే రంగు వేసిన డీఎన్ఏ అణువులను ఇలాంటి ప్రవాహంలోనే ఒక్కొక్కటిగా చూశారు. ఒకే పొడవు, ఒకే ప్రవాహం, అయినా ఒకటి మధ్యలో మడతపడి, ఇంకొకటి రెండు చివర్లా ఉండలు కట్టి, మరొకటి చక్కగా, ఎవరి తీరున అవి విచ్చుకున్నాయి. ఆ చిత్రాలు చూశాక 'సగటు అణువు' అన్న మాట వాడాలంటే నాకు కొంచెం సంకోచంగా ఉంటుంది.

ఇక్కడ రేటు మీ చేతిలో ఉంటుంది, పంపు ప్రవాహంతో మార్చుకోవచ్చు. నీళ్లంత పలచటివీ కొలవచ్చు. 2012లో మూలల ఆకారాన్ని లెక్కకట్టి దిద్దిన క్రాస్-స్లాట్ వచ్చాక, సాగదీసే రేటు కాలువలో చాలా దూరం వరకు ఒకేలా ఉండేట్టు కుదిరింది. అయితే రెండు జాగ్రత్తలు. ఇది సమతల సాగుదల (ఒక దిశలో సాగి, ఇంకొక్క దిశలోనే సన్నబడేది), కేబర్‌లాంటి ఏకాక్ష సాగుదల (ఒక దిశలో సాగి, చుట్టూ సన్నబడేది) కాదు. మామూలు ద్రవానికే ట్రౌటన్ నిష్పత్తి ఇక్కడ 3 కాదు, 4. రెండోది, రేటు పెంచుతూ పోతే ఒక దశలో ప్రవాహం సమరూపత తప్పి ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ తర్వాత వచ్చే అంకెలను సాగుదల స్నిగ్ధతగా చదవకూడదు. చిప్ పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరుతో చేసిందైతే చాలా సేంద్రియ ద్రావకాలకు అది ఉబ్బిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇరుకు దారిలోకి ద్రావణాన్ని తోసి పీడనం తగ్గుదలను కొలిచే చిప్‌లు మరో రకం. సులువు, వేగం, తక్కువ శాంపిల్, ఎక్కువ రేటు. గోడల దగ్గర షియర్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి వచ్చే అంకె స్వచ్ఛమైన సాగుదలది కాదు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఎదురెదురు నాజిళ్ల మెషీన్ ఎవరైనా పాతది అమ్ముతామంటే వద్దనండి. ఎక్కువ రేట్ల దగ్గర జడత్వం వల్ల దాని అంకెలు నమ్మదగ్గవి కావని ఎప్పుడో తేలింది.

శాంపిల్ సంగతి

మెషీన్ ఏదైనా దాని కన్నా ముందు మోసం చేసేది శాంపిల్. ఒకసారి నలభై లక్షల అణుభారమున్న పాలీఇథిలీన్ ఆక్సైడ్ ద్రావణం రిలాక్సేషన్ టైమ్ సోమవారం ఒకటి వచ్చింది, గురువారానికి సగమైంది. గాఢత అదే, ఉష్ణోగ్రత అదే. షియర్ స్నిగ్ధత దాదాపు మారలేదు. కారణం మాగ్నెటిక్ స్టిరర్. సీసాను దాని మీద పెట్టి ఆపడం మరచిపోయాను. మూడ్రోజులు గిరగిరా తిరిగిన ఆ చిన్న కడ్డీ, అన్నిటికన్నా పొడవైన గొలుసులను ముందు తెంపింది. తీగ సాగడానికి ముఖ్యంగా అవే కావాలి. అప్పట్నుంచి రోలర్ మీద మెల్లగా దొర్లించి కలుపుతున్నాను, సన్నటి సూదిలోంచి గట్టిగా తోయడం మానేశాను. అయాన్లున్న పాలిమరైతే ఉప్పు ఎంత ఉందో కూడా రాసుకోండి. కాస్త ఉప్పు పడినా గొలుసు ముడుచుకుపోయి రిలాక్సేషన్ టైమ్ పడిపోతుంది.

నేనైతే ఏది తీసుకుంటాను

ఇంక్, స్ప్రే, పలచటి పూతల పని అయితే మారుమాట లేకుండా చుక్క పద్ధతి. కాస్త చిక్కగా ఉండి, తీగ సెకనులో పదో వంతు అయినా నిలిచే ద్రావణాలైతే కేబర్ హాయి. ఎవరైనా నేర్చుకోవచ్చు, శాంపిల్ బొట్టు చాలు. సిమ్యులేషన్ మోడల్‌కి స్ట్రెస్ కావాలి, ద్రావణం చిక్కగా ఉంది అంటే ఫిలమెంట్ స్ట్రెచింగ్ ఉన్న ల్యాబ్‌ను వెతుక్కుని కలిసి పనిచేయండి. సొంతంగా కొనడం చివరి మాట. పలచటి ద్రావణంలో రేటు మార్చి చూడాలన్నా, అణువులను కళ్లతో చూడాలన్నా క్రాస్-స్లాట్.

ఏదీ కొనకముందు ఒక పని చేయండి. ఫోన్‌లో స్లో మోషన్ సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది, అంటే ఫ్రేముకు సుమారు 4 మిల్లీసెకన్లు. వెనక తెల్లటి వెలుగు పెట్టి, సిరంజి నుంచి చుక్కను గాజుపలక మీద తాకించి వీడియో తీయండి. తీగ ఎన్ని ఫ్రేముల్లో కనిపించిందో లెక్కపెట్టండి. ఒక్కదాంట్లోనూ కనిపించకపోతే కేబర్ ఆలోచన వదిలేయండి. పది ఫ్రేముల్లో కనిపిస్తే తీగ 40 మిల్లీసెకన్లు నిలిచినట్టు. ఏడుతో భాగిస్తే రిలాక్సేషన్ టైమ్ ఐదారు మిల్లీసెకన్ల దగ్గర ఉండొచ్చు. సెకనుకు రెండు మూడు వేల ఫ్రేములు తీసే కెమెరా దానికి సరిపోతుంది. తీగ యాభై ఫ్రేములు దాటి నిలిచిందా, అప్పుడు కేబర్ వాళ్లకు ఫోన్ చేయండి.